వేళాకోళానికి వరసైనవాళ్ళు

డార్మ్‌స్టాట్‌లో నన్ను అందరూ అన్నా అనేవారు. అక్కడే మాస్టర్స్ ముగించాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం దొరికి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా చేతికి వచ్చినా ఆ విద్యార్థుల ఫ్లాటు మాత్రం వదల్లేదు. రోజూ రైలెక్కి వెళ్ళి వచ్చేవాణ్ణి. అద్దె తక్కువ కావడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, అక్కడ నేను పెద్దవాణ్ణి. ఆఫీసులో నా మాట వినడానికి నా కంప్యూటర్ కూడా ఒప్పుకునేది కాదు. ఫ్లాటు దగ్గర మాత్రం ప్రతి సెమిస్టరూ కొత్తగా దిగే తెలుగు పిల్లలు "అన్నా, ఆన్‌మెల్డుంగ్‌కి, అదే చిరునామా నమోదుకి, ఏమేం పట్టుకుపోవాలి?", "అన్నా, ఖాళీ పెరుగు డబ్బా పసుపు చెత్తసంచిలోనా, నల్ల చెత్తడబ్బాలోనా?" అని అడుగుతుంటే దేశాధ్యక్షుడిలా గొంతు సవరించుకుని జవాబులు చెప్పేవాణ్ణి. మా ఇంట్లో నేనే ఆఖరివాణ్ణి. నన్ను అన్నా అని పిలిచే ప్రాణి పుట్టి పెరిగిన ఊళ్ళో ఒక్కటీ లేదు. అన్నం వెతుక్కుంటూ దేశం దాటితే అన్ననయ్యాను.

ఫ్లాటులో మేం ముగ్గురం. నాది గోదావరి జిల్లా. పక్క గదిలో కరీంనగర్ కుర్రాడు, రెండో సెమిస్టరు. వంటగదిని ఆనుకున్న గదిలో జాంబియా నుంచి వచ్చిన అమ్మాయి. నీటి శుద్ధి మీద పరిశోధన చేస్తుండేది, నాకంటే కొంచెం పెద్ద. మా కుర్రాడు మొదటిరోజే ఆమెను అక్కా అనేశాడు. ఆమె ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, చాలా సంతోషించి, ఆ వెంటనే అతని చేత గిన్నెలు తోమించింది. మేం ముగ్గురం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా, ఆమె మాటలు నాకెందుకో తెలుగులోనే గుర్తుండిపోయాయి.

జర్మనీకి రాకముందు ఆమె తమ రాగిగనుల ఊళ్ళో ఒక యువకుల క్లబ్బులో పనిచేసేది. హెచ్.ఐ.వి. ఎలా వస్తుంది, ఎలా రాదు, వస్తే ఏం చేయాలి అన్నది ఒక ఈడువాళ్ళు తమ ఈడువాళ్ళకే చెప్పుకునే క్లబ్బు అది. పెద్దల ఉపన్యాసాలుండవు. దూరం వచ్చేసినా ఆమె ఆ పని వదల్లేదు. శనివారం మధ్యాహ్నం మా వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని అక్కడి కొత్త వలంటీర్లకు తర్ఫీదు ఇచ్చేది. ఆ సమయంలో వైఫై ఆగిపోకుండా చూసుకోవడం నా బాధ్యత. ఇంజనీరింగు అంతకాలం చదివినందుకు రౌటర్ ఆపి మళ్ళీ పెట్టడం నాకు బాగా వచ్చు.

మొదటిసారి ఆ తర్ఫీదు చూసినప్పుడు అదేదో తగువు అనుకున్నాను. తెరమీద ఒక బడి వరండా. చుట్టూ పిల్లలు, మధ్యలో ఇద్దరు యువకులు సగం ఇంగ్లీషులో ఒకరిమీద ఒకరు అరుచుకుంటున్నారు. మీ తూర్పువాళ్ళు ఎలుకల్ని తింటారని ఒకడు. మీ ఉత్తరంవాళ్ళు కోతుల్ని తింటారు, అందుకే మీ మొహాలు అలా ఉన్నాయని ఇంకొకడు. అలా తిట్టుకుంటూనే ఒకడు కండోమ్ పాకెట్టు విప్పుతున్నాడు, రెండోవాడు దాన్ని లాక్కుని "తేదీ చూడకుండా విప్పావు, ఎలుకకైనా ఇంతకంటే తెలివుంటుంది" అంటున్నాడు. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు.

"కొట్టుకుంటారేమో, ఆపు," అన్నాను.

"కొట్టుకోరు. వాళ్ళు కజిన్లు," అంది.

చుట్టరికం కాదట. వాళ్ళ దేశంలో కొన్ని తెగల మధ్య తాతల కాలం నుంచీ ఒక ఒప్పందం ఉంది. వీళ్ళు వాళ్ళను ఎంత వేళాకోళం చేసినా, వాళ్ళు వీళ్ళను ఎంత వెక్కిరించినా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. చావింట్లో కూడా ఆ హక్కు చెల్లుతుంది. క్లబ్బువాళ్ళు వలంటీర్లను జంటలుగా విడదీసేటప్పుడు ఆ వరస చూసి విడదీస్తారు.

"నర్సు చెబితే తలలు దించుకుంటారు. సొంత అన్న చెబితే చెల్లెలు లేచి వెళ్ళిపోతుంది. కజిన్ చెబితే నవ్వుతారు. నవ్వడానికి తెరిచిన నోరు కదా, వెనకాలే ప్రశ్న కూడా వస్తుంది," అంది.

ఇది మాకూ ఉందని గొప్పగా చెప్పాను. బావ, మరదలు, వదిన, మేనమామ అంటూ మొత్తం వరసలన్నీ కాగితం మీద గీసి చూపించాను. ఎవరితో పరాచికాలాడవచ్చో, ఎవరి ముందు నోరెత్తకూడదో బాణాలు వేసి మరీ వివరించాను. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసి, "మరి మీ పిల్లలందరూ నిన్ను అన్నా అంటారు కదా. నీతో ఎవరు ఏం చెప్పుకోగలరు?" అంది.

చెత్త డబ్బాల గురించి చెప్పుకుంటారని అన్నాను.

ఆ రోజుల్లోనే మా కరీంనగర్ కుర్రాడు తిండి తగ్గించేశాడు. కళ్ళ కింద నల్లగా చారలొచ్చాయి. పప్పన్నం పెట్టుకుని, కలుపుతూ కూర్చుని, అలాగే ఫ్రిజ్‌లో పెట్టేవాడు. పొద్దున్నే ట్రామ్‌లో ఎదురుపడితే రాత్రంతా నిద్ర లేనట్టు ఊగేవాడు. ఇప్పుడు ఇదంతా నవ్వుతూ రాయగలుగుతున్నాను గానీ అప్పుడు నాకు భయం వేసింది. అన్నను కనుక అన్నలాగే అడిగాను.

"ఏమైందిరా?"

"ఏం లేదన్నా. క్లౌజుర్లు ఉన్నయి గదా."

క్లౌజుర్ అంటే సెమిస్టరు చివరి పరీక్ష. దాని పేరు వింటే నాకూ ఆకలి చచ్చిపోయేది కాబట్టి నమ్మేశాను. నమ్మి, యూనివర్సిటీ కౌన్సెలింగ్ వాళ్ళ లింకు ఒకటి పంపి, కింద బొటనవేలు బొమ్మ పెట్టాను. అన్నగా నా శక్తి అంతవరకే.

తర్వాతి శనివారం జాంబియా అక్కకు ఒక చిక్కు వచ్చింది. అక్కడ బడి సెలవుల్లో శిబిరం పెడుతున్నారు, కొత్త జంట మరీ బిడియపడుతోంది. వచ్చే శనివారం వేరే దేశం కజిన్లు చేసి చూపిస్తే వాళ్ళకు ధైర్యం వస్తుందని, ముందు మా వంటగదిలో రిహార్సల్ చేద్దామని ఆమె ఆలోచన.

"మీ ఇద్దరూ ఏమవుతారు?" అని అడిగింది.

"అన్నదమ్ములం," అన్నాను ఛాతీ విరిచి.

"పనికిరారు." మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఇద్దరిదీ ఒకే ఊరా?" అంది.

"కాదక్కా, మాది తెలంగాణ. అన్నది ఆంధ్ర," అన్నాడు కుర్రాడు.

"ఒకరినొకరు వెక్కిరించుకుంటారా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అడగవలసిన ప్రశ్నేనా అది! ఆ మధ్యాహ్నం నేను అన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి బావ పదవిలో చేరాను.

"మొదలుపెట్టు బావా," అన్నాను.

"నువ్వే షురూ చెయ్యన్నా."

"అన్నా అన్నవాడు గిన్నెలు తోమాలి," అంది ఆమె. 'అన్నా' అనే తెలుగు మాటను ఆమె ఇట్టే పట్టేసేది.

కుర్రాడు సింకులో గిన్నెల వైపు చూసి, ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాడు. "మీ గోదావరోళ్ళు కాయితంల చక్కెర చుట్టుకొని తింటరు. అండ్ల మళ్ళ గదేదో పెద్ద మిఠాయని ఊరంత చెప్పుకుంటరు."

"పూతరేకుల్ని కాగితం అంటావా! పొయ్యి వెలిగించడానికి బద్ధకమేసి పచ్చిపులుసు కనిపెట్టిన జనం మీరు."

"పప్పుల బెల్లమేస్తరు, పులుసుల బెల్లమేస్తరు. ఆఖరికి మాటల గూడ బెల్లమే. లోపటంత చింతపండు!"

"ఆయ్, తమరి నోట్లో మాత్రం అన్నీ పచ్చిమిరపకాయలేనండి."

కుర్రాడు నవ్వాడు. ఎన్ని వారాలకో నవ్వాడు. నా అనువాదం వింటూ అక్క బల్ల చరిచి, "సరే, ఇప్పుడు దోసకాయ," అంది.

జర్మనీ సూపర్‌మార్కెట్లలో మోచేయంత పొడుగు దోసకాయలు దొరుకుతాయి. ఒక్కో దోసకాయకూ ఒంటికి అంటుకుపోయిన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఈ దేశంలో దోసకాయ కూడా జాగ్రత్తలు తీసుకోకుండా గడప దాటదు. ఆ తొడుగు తీసి, కడిగి, ఆమె దాన్ని నా చేతికిచ్చింది.

నాటకం ప్రకారం నేను తెలివితక్కువ బావను. ఆ పాత్రకు నాకు పెద్ద కసరత్తు అవసరం పడలేదు. వెనక జేబులోంచి పర్సు తీసి, అందులోంచి కండోమ్ తీసి, "చూశావా, నేను ఎప్పుడూ సిద్ధం," అనాలి. కుర్రాడు దాన్ని లాక్కుని, "పర్సులో పెట్టి నెలలపాటు దానిమీద కూర్చున్నావు, ఇంక అదేం పనికొస్తుంది" అని నన్ను ఏడిపించాలి.

లాక్కున్నాడు. చేతిలోని పాకెట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పర్సుల పెడితే ఏమైతదక్కా?" అన్నాడు ఇంగ్లీషులోకి మార్చి.

మాట మరిచిపోయాడనుకుని ఆమె మామూలుగా చెప్పింది. ఒత్తిడికీ ఒంటి వేడికీ రబ్బరు పాడవుతుంది, చిరిగిపోవచ్చు.

"మస్తు రోజులు పెడితే?"

"ఇంకా తొందరగా."

నేనింకా బావ వేషంలోనే ఉన్నాను. "ఏం బావా, నీ పర్సులో గానీ ఉందా ఏంటి?" అన్నాను ఎకసెక్కంగా. అన్నగా ఉన్నప్పుడైతే చచ్చినా ఆ మాట నా నోటి నుంచి వచ్చేది కాదు.

"ఉండె," అన్నాడు. "ఇప్పుడు లేదు. చినిగింది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక దాచుకోలేదు. యూనివర్సిటీలో చేరిన వారం అందరికీ ఒక సంచి పంచుతారు. అందులో పెన్ను, నోట్సు, చాక్లెట్లతో బాటు ఒక కండోమ్ కూడా ఉంటుంది. ఇతను దాన్ని పర్సులో పెట్టుకున్నాడు. శరత్కాలంలో ఎక్కడో పార్టీలో పరిచయమైన ఒకామెతో ఒక రాత్రి గడిపాడు. అది చిరిగింది. ఆమె ఫోన్ నంబరు ఇతని దగ్గర లేదు. అప్పటి నుంచి ఒంటిమీద ప్రతి దద్దురునూ, వచ్చిన ప్రతి జలుబునూ ఇంటర్నెట్‌లో వెతుకుతూ కూర్చున్నాడు.

"మరి డాక్టర్ దగ్గరికి పోలేదేం?" అన్నాను.

"ఎట్ల పోవాలె? గ్రూపుల ఎవరో పెట్టిండు. రక్తం రిజల్టు ఇన్సూరెన్సోళ్ళకు పోతదట, ఆడికెళ్ళి ఆవుస్‌లెండర్‌బెహోర్డెకు పోతదట. నాకు వచ్చే నెల వీసా పొడిగింపు టెర్మిన్ ఉంది. వాపస్ పంపిస్తే మా నాయినకు ఏమని చెప్పాలె?"

విదేశీయుల వీసాలు చూసే ఆ కార్యాలయం పేరు పలకడానికే మాకు సగం ప్రాణం పోతుంది. జబ్బు కంటే అదే అతన్ని ఎక్కువ తినేసింది. ఇక్కడి తెలుగు పిల్లలకు వార్తంటే వాట్సాప్ గ్రూపులో వచ్చేదే. సెక్యూరిటీ డిపాజిట్ నుంచి కరివేపాకు దాకా అన్నీ అందులోనే దొరుకుతాయి కాబట్టి వైద్యం కూడా అందులోనే ఉంటుందనుకుంటాం.

అక్క ఎప్పుడు జరిగిందని మాత్రం అడిగింది. మందలించలేదు. "వెంటనే, ఆ ఒకటి రెండు రోజుల్లోనే వెళ్ళుంటే ఆపడానికి మందు ఉంది. అది కొన్ని వారాలు వేసుకోవాలి. ఆ గడువు దాటిపోయింది. కానీ ఇప్పుడు పరీక్ష చేయిస్తే అది చెప్పేది నమ్మవచ్చు, అంత సమయం గడిచింది," అంది. తర్వాత తమ క్లబ్బు పెట్టిన మాస్టారి గురించి చెప్పింది. ఆయనకు ఎన్నో ఏళ్ళుగా హెచ్.ఐ.వి. ఉంది. రోజూ మాత్ర వేసుకుంటాడు. పరీక్షలో కనిపించనంతగా వైరస్ అణిగిపోయింది, భార్యకు రాలేదు, ఇద్దరు పిల్లలకూ లేదు. "ఆయన నాకు లెక్కల మాస్టారు. ఆయన నుంచి నాకు అంటుకున్నది లెక్కలే," అంది.

కుర్రాడు ఆ పూట అన్నం తిన్నాడు. కొంచెమే. అయినా తిన్నాడు.

సోమవారం సెలవు పెట్టి అతనితో ప్రజారోగ్య కార్యాలయానికి వెళ్ళాను. పరీక్షలు చేసే వేళకు నేరుగా వెళ్ళవచ్చు, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, అక్కర్లేదు. జర్మనీలో టెర్మిన్ లేకుండా జరిగే పని ఒకటుందని నాకు ఆరోజే తెలిసింది. పేరు అడగలేదు. ఒక నంబరు రాసిన చీటీ ఇచ్చారు. సలహా చెప్పే ఆవిడ నెరిసిన జుట్టుతో, ఎంతో తీరుబాటుగా ఉంది. కుర్రాడు లోపలికి వెళ్ళి, అడిగిన ప్రశ్ననే తిప్పి తిప్పి అడిగాడట. ఆవిడ చివరికి, "పేరే అడగని వాళ్ళం ఎవరికని చెబుతాం? ఒకవేళ పాజిటివ్ వచ్చినా, దానివల్ల మీ వీసా ఆగిపోదు. మందు దొరికే చోటికి నేనే పంపిస్తాను," అందట. బయటికి వచ్చేసరికి అతని భుజాలు కాస్త కిందికి దిగాయి.

తోడు వచ్చినవాణ్ణి ఊరికే ఎందుకు కూర్చోవాలని నేనూ రక్తం ఇచ్చాను. అతనికి ధైర్యం చెప్పడానికి చేసిన పని అది. ఫలితం రావడానికి వారం పడుతుందన్నారు. ఆ వారంలో నా ధైర్యం కూడా పోయింది. భయపడాల్సినంత గొప్ప జీవితం నేను ఎన్నడూ జీవించలేదు. అయినా ఆఫీసులో కూర్చుని, నా బ్రహ్మచర్యంలో ఎక్కడైనా చిల్లు పడిందేమోనని వెనక్కి వెనక్కి వెతుక్కునేవాణ్ణి.

"పాసవుతావులే బావా," అన్నాను ఒకరోజు, టీ పోస్తూ.

అక్క చెంచా కింద పెట్టింది. "మా క్లబ్బులో ఆ మాట అనం. మరి పాజిటివ్ వచ్చినవాళ్ళు ఫెయిలైనట్టా?"

ఆ తర్వాత శనివారం దాకా నా హాస్యానికి సెలవు ఇచ్చాను. ఫ్లాటులో అందరికీ ఊరటగా ఉంది.

శనివారం వచ్చింది. ఫలితం ఇంకా రాలేదు. నాటకం మానేద్దామా అని అక్క కుర్రాణ్ణి అడిగింది. "వద్దక్కా, చేద్దాం. ఒక్కణ్ణి కూసుంటే పిచ్చి లేస్తది," అన్నాడు. తెరమీద వరండా నిండా పిల్లలు. మా పూతరేకులూ పచ్చిపులుసూ అక్క వాళ్ళ భాషలోకి మార్చి చెబుతుంటే, కాగితం తినే మనుషుల్ని చూసి వాళ్ళు నవ్వుతూ ఒకరిమీద ఒకరు పడ్డారు. ఈసారి కుర్రాడు నా పర్సు లాక్కున్నాడు. "దీనిమీద కూర్చునేవాడు కజిన్ కాదు, గాడిద!" అని స్క్రిప్టులో లేని మాట కూడా అన్నాడు. ఆ గాడిదలో నా వాటా ఎంతో, అతను తనకు ఉంచుకున్న వాటా ఎంతో మా ముగ్గురికే తెలుసు.

చివర్లో ప్రశ్నలు. అక్కడి బిడియపు జంటలోని అమ్మాయే చెయ్యెత్తింది. పరీక్ష చేయించుకుని ఫలితం కోసం చూసే రోజుల్లో ఏం చేయాలి అని అడిగింది.

అక్క జవాబు చెప్పబోయింది. అప్పటికే కుర్రాడు తెర వైపు వంగాడు.

"ఒక్కరే ఉండకండి," అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. "ఫోన్‌లో ఏమీ వెతకకండి. అది ప్రతిసారీ చస్తావనే చెబుతుంది. వంట చేయండి. ఎవరికైనా ఒక్కరికి చెప్పండి. మిమ్మల్ని వెక్కిరించే మనిషికి చెబితే మంచిది. మంచిగా మాట్లాడేవాళ్ళ ముందు ఏడుపొస్తుంది." కుర్చీ ముందుకు లాక్కుని, "ఫలితం ఏదైనా, అది తెలిశాక చేయడానికి పని ఉంటుంది. తెలియనప్పుడే ఏ పనీ చేయలేం," అన్నాడు.

అటువైపు ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి తల ఊపింది. అక్క కెమెరాకు కనపడకుండా అతని వీపు మీద చెయ్యి వేసింది.

సోమవారం ఫలితాలు తెలుసుకోవడానికి మళ్ళీ వెళ్ళాం. కుర్రాడు చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. నేను వరండాలో కూర్చుని గోడమీద కాగితాలన్నీ చదివాను. టీకాల గురించి, తట్టు గురించి, పేల గురించి. తలుపు తెరుచుకుంది. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఏమంది?"

"లేదట," అన్నాడు. "నెగటివ్. పక్కానా అని మళ్ళ అడిగిన. పక్కానే అన్నది."

నేను ఏదో చమత్కారం అనబోయాను. అది మానేసి అతని మెడ చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను. కాసేపటికి నెరిసిన జుట్టావిడ తలుపులోంచి తొంగి చూసి, ఇంకో నంబరు ఎవరిదని అడిగింది. నా సంగతి నాకే గుర్తు లేదు. వెళ్ళాను. నాకూ లేదంది. చాలా సంతోషమండీ అని తెలుగులో అన్నాను. ఆవిడ ఆ మాటను జర్మన్‌లాగే అర్థం చేసుకుంది.

బయట సన్నగా వాన. అక్కకు ఫోన్ చేశాం. ఆమె వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అరిచింది, ల్యాబ్‌లో ఉన్నానన్న సంగతి అరిచాక గుర్తొచ్చింది. ట్రామ్ ఎక్కాక కుర్రాడు ఆ తెలుగు గ్రూపు తెరిచి టైపు చేయడం మొదలుపెట్టాడు. ప్రజారోగ్య కార్యాలయంలో పేరు అడగరు, టెర్మిన్ అక్కర్లేదు, ఫలితం ఎవరికీ పోదు, వీసాకీ దీనికీ సంబంధం లేదు, ఏదైనా పొరపాటు జరిగితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోండి, మందుంది. అక్షరదోషాలు సరిచూడమని ఫోన్ నాకిచ్చాడు. నేను ఒక కామా పెట్టి తిరిగి ఇచ్చాను. తన పేరుతోనే పంపాడు.

ఆ తర్వాత కిటికీకి తల ఆనించాడు. రెండు స్టాపులు దాటేసరికి తల నా భుజం మీదికి జారింది. నోరు కొంచెం తెరుచుకుంది. అంత గాఢమైన నిద్ర నేను చాలాకాలంగా ఎవరిలోనూ చూడలేదు. మా స్టాపు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, ఒకామె స్ట్రోలర్‌తో దిగింది, తలుపులు మూసుకున్నాయి. నేను కదల్లేదు. చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. డ్రైవర్ అద్దంలోంచి మా వైపు చూశాడు. నేను కుర్రాణ్ణి చూపించి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. డ్రైవర్ భుజాలెగరేసి, బండిని మెల్లగా పట్టాల వలయం చుట్టూ తిప్పి, మళ్ళీ ఊళ్ళోకి పోనిచ్చాడు.